తొర్ర, పెట్టె, పంజరం

జనవరి 5, 2025

చిన్నాయన పొద్దుతిరుగుడు చేనుకు కాపలా మొదలయింది. పొద్దున ఎండ ఎక్కేదాకా ఒకసారి, సాయంత్రం నాలుగు దాటినాక ఇంకోసారి. నడిమధ్యాహ్నం చిలుకలు కూడా చెట్ల నీడకు పోతాయి కాబట్టి ఆయనకూ కునుకు దొరుకుతుంది. చేతిలో పాత నూనె డబ్బా, కర్ర. చేను చుట్టూ కట్టిన మెరుపు రిబ్బను వారం తిరక్కుండానే పాతబడిపోయింది. "గాలికి ఊగేది ఏదో, మనిషి ఊపేది ఏదో వాటికి తెలుసమ్మా. మన పిల్లోళ్ళకంటే తెలివైనవి" అన్నాడు.

గట్టు మీద కూర్చుని ఒకదాన్నే చూస్తూ ఉన్నాను. పువ్వు అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ గింజ లాగింది. కాలితో పట్టుకుని, ముక్కు కొనతో పొట్టు చీల్చి, మందపాటి నాలుకతో పప్పు తీసుకుని మింగింది. అంత ఒడుపుగా తిన్నదల్లా పువ్వు పావువంతు కూడా ఖాళీ చేయకుండానే పక్క పువ్వు మీదికి పోయింది. తినేది పావలా, పాడుచేసేది ముప్పావలా. మన జిల్లాలో చిలుకను చూసి మురిసేది చేను లేనివాళ్ళే.

జనవరి 8

ఎనిమిదో తరగతికి మొక్కలు, జంతువుల సంరక్షణ పాఠం మళ్ళీ ఒకసారి చెప్పాలి. ఒక్కచోట తప్ప లోకంలో ఇంకెక్కడా లేని జాతి అంటే ఏమిటో పుస్తకంలోని ఉదాహరణలతో పిల్లలకు ఎక్కలేదు. వాళ్ళకు తెలిసిన జీవికి దగ్గరి చుట్టం ఏదైనా ఉందా అని వెతుకుతుంటే మారిషస్ చిలుక దొరికింది. ఎకో చిలుక అంటారు. మన రామచిలుకకు దాయాది. అదే ఆకుపచ్చ, మగదాని మెడకు అదే గులాబీ, నలుపు పట్టీ. అయితే రంగు కాస్త ముదురు, ఒళ్ళు బొద్దు, తోక పొట్టి. మగదాని ముక్కు ఎరుపు, ఆడదాని ముక్కు నలుపు.

మారిషస్ మొత్తం కలిపినా మా శ్రీ సత్యసాయి జిల్లాలో నాలుగో వంతుకు తక్కువే. డోడో పక్షి బతికిందీ, అంతరించిందీ అక్కడే. ఆ చుట్టుపక్కల మూడు దీవుల్లో ఒకప్పుడు రకరకాల చిలుకలుండేవి. ఒక్కొక్కటే పోయి చివరికి మిగిలింది ఈ ఎకో చిలుక ఒక్కటే. 1980లలో అదీ పది, పన్నెండుకు దిగింది. గుడ్లు పెట్టే ఆడవాటిని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2019 నాటికి ఏడు వందలు దాటాయి.

ఈ రెండు అంకెల మధ్య జరిగిందేమిటో చదవాలి.

జనవరి 12

బడి వెనక చింతచెట్టు మీద ఇళ్ళ వేట. ఆడ చిలుక తొర్ర అంచున కూర్చుని లోపలికి తొంగి చూస్తుంది, తల బయటికి తీస్తుంది, మళ్ళీ చూస్తుంది. మగది పక్క కొమ్మ మీద తల వంచి దండాలు పెడుతున్నట్టు ఊగుతుంది. ఇంతలో గోరువంకల జంట వచ్చి కూతలతో చెట్టంతా ఎత్తి కుదేసింది. చిలుకే గెలిచింది, ఈ పూటకు.

వడ్రంగిపిట్టలా చిలుక మొదటి నుంచీ తొర్ర తొలవలేదు. కుళ్ళిన కొమ్మ రాలినచోటో, వేరే పిట్ట తొలిచి వదిలేసినచోటో వెతుక్కుని, ముక్కుతో కాస్త వెడల్పు చేసుకుంటుంది. కాబట్టి దానికి తిండికంటే ఇంటికే కరువు. లేత చెట్టుకు తొర్ర ఉండదు. తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి, ఎవరూ కొట్టకుండా ఉండాలి. మా అనంతపురం రోడ్డు పక్క పాత చింతలు ఎన్ని మిగిలాయో ఆ దారిన పోయే ఎవరినడిగినా చెబుతారు.

మారిషస్‌లో చెరకు తోటల కోసం అడవంతా కొట్టేశారు. అసలు అడవి అని చెప్పుకోదగ్గది నూటికి రెండు వంతులు కూడా లేదు. ఉన్న ఆ కాస్త ముసలి చెట్ల తొర్రల కోసం ఎకో చిలుకతో ఎవరెవరు పోటీ పడ్డారో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకటి గోరువంక. 18వ శతాబ్దంలో మిడతలను తింటుందని మన దేశం నుంచి పనిగట్టుకుని తీసుకెళ్ళారు. రెండోది సాక్షాత్తూ మన రామచిలుక. 19వ శతాబ్దం చివర్లో పంజరాల్లోంచి తప్పించుకుని అక్కడ స్థిరపడింది. ఇప్పుడు వేలల్లో ఉంది. మా చింతచెట్టు మీద ఈరోజు కొట్టుకున్న ఇద్దరూ అక్కడ ఒకే పక్షం.

జనవరి 19

ధర్మవరం. మేనత్త వాళ్ళ మగ్గం మీద చిలుక అంచు పట్టుచీర. ఇన్నేళ్ళలో ఆమె నేసిన చిలుకలన్నిటికీ ముక్కు ఎరుపే. నల్లముక్కు చిలుక ఉందంటే "అది చిలుక కాదులే, కాకి కూతురు" అని నవ్వింది.

ఫిబ్రవరి 2

ఆదివారం. చదివినంతలో రాసిపెట్టుకుంటున్నాను. పాఠానికి ఇంత అక్కర్లేదు, నాకు కావాలి.

కార్ల్ జోన్స్ అని వేల్స్ దేశపు కుర్రవాడు 1979లో మారిషస్ వెళ్ళాడు. అప్పటికి అక్కడి చిన్న డేగ అడవిలో నాలుగే మిగిలాయని 1974లో లెక్క. దాన్ని కాపాడే పని డబ్బు దండగ, మూసేసి రమ్మని పంపారు. ఆయన మూయలేదు. డేగ తర్వాత గులాబి పావురం, ఆ తర్వాత చిలుక. జెరాల్డ్ డరెల్ జెర్సీలో పెట్టిన సంస్థ, మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్, అక్కడి ప్రభుత్వం, వరల్డ్ పారట్ ట్రస్ట్ తలా ఒక చేయి వేశాయి. పెంపకం కేంద్రం బ్లాక్ రివర్ అనే చోట. అడవి పక్కనే. 1994లో ఆ అడవిని జాతీయ ఉద్యానవనం చేశారు.

పెంచి వదలడం అంటే జతను పంజరంలో పెట్టి గుడ్లు పెట్టించడమే అనుకుంటాం. నన్ను పట్టేసింది వాళ్ళు చెట్ల మీద చేసిన పని. ఎకో చిలుక రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. అడవిలో సాధారణంగా ఒక్క పిల్లే బతికి ఎగురుతుంది, మిగతావి ఆకలికి చస్తాయి. ఎలాగూ చచ్చే పిల్లలే కదా అని, తొర్ర ఎక్కి ఆ అదనపు పిల్లలను దింపుకుని, కేంద్రంలో చేతితో మేపారు. గుడ్లు మురిగిపోయిన జంట ఉంటే ఒక పిల్లను తీసుకెళ్ళి దాని తొర్రలో పెట్టారు. ఆ తల్లి తన పిల్లే అనుకుని మేపింది. అంటే అడవిలోని తల్లులకు నష్టం లేకుండానే పిల్లల లెక్క పెరిగింది. ఈ ఆలోచన వచ్చినవాడు రైతు ఇంట్లో పుట్టినవాడై ఉండాలనిపించింది. ఈనిన మేక పాలు చాలని పిల్లను పక్క మేకకు అలవాటు చేసేది మన దగ్గర ముసలమ్మలకు కొత్త కాదు.

ఇక తొర్ర సంగతి. ఎలుక ఎక్కకుండా మానుకు నున్నటి ప్లాస్టిక్ రేకు చుట్టారు, మొదట్లో ఎలుకల మందు పెట్టారు. కోతులు పక్క చెట్టు నుంచి దూకకుండా కొమ్మలు కత్తిరించారు. వాననీళ్ళు పోకుండా తొర్రకు పైకప్పు, పోయిన నీళ్ళు కారిపోవడానికి అడుగున చిల్లు. పిల్లల నెత్తురు పీల్చే ఈగ పురుగులకు మందు. తొర్ర కబ్జా చేసే వేరే పిట్టలు దూరకుండా వాకిలి చిన్నది చేయడం. తిండి తక్కువైన కాలానికి చెట్ల మధ్య మేత డబ్బాలు. తొర్రలు చాలకపోతే చెక్కపెట్టెలు. ఇవన్నీ నిచ్చెనలు, తాళ్ళు వేసుకుని, ప్రతి తొర్ర దగ్గరా, ఏటేటా.

ఇదంతా ఒక గొప్ప శాస్త్రం అని ఎవరూ అనరేమో. అద్దెకు ఇచ్చిన ఇల్లు మరమ్మతు చేసినట్టుంది. కానీ ఒక జాతి నిలబడింది దీనిమీదే.

ఫిబ్రవరి 9

చిన్నాయన చేను కోత అయింది. గింజ ఎంత పోయిందని అడిగాను. "దేవుడి వాటా తీసేసి చెప్పాలా, కలిపి చెప్పాలా?" అన్నాడు. తర్వాత, "పరిహారం ఇచ్చేటప్పుడు పందులకిస్తారు, ఏనుగులకిస్తారు. చిలుక తింటే ఎవురిస్తారమ్మా?" న్యాయమైన ప్రశ్న.

ఫిబ్రవరి 16

ఎకో చిలుకలను మొదటిసారి అడవిలోకి వదిలింది 1997లో. 2005 దాకా మొత్తం 139.

చేతిలో పెరిగిన పిల్లకు మనిషంటే భయం లేదు. నేలంటే భయం లేదు. అడవి చిలుక చెట్టు మీదే ఉంటుంది, ఇది హాయిగా కిందికి దిగుతుంది. కింద పిల్లులు, ముంగిసలు. ముంగిస కూడా బయటినుంచి తెచ్చి వదిలిందే, ఎలుకలను తింటుందని! కొన్ని అలా పోయాయి. వదిలే వయసు మార్చారు. ముదిరినాక వదిలేకంటే రెక్కలు వచ్చీ రాగానే, తొర్ర వదిలే ఈడులో వదిలితే అవి అడవి చిలుకల గుంపులో త్వరగా కలిసిపోయాయి.

ఇంకో సంగతి ఎవరూ ఊహించలేదు. అడవి చిలుకలు మేత డబ్బాల వంక కన్నెత్తి చూసేవి కావు, చెక్కపెట్టెల్లో గుడ్లు పెట్టేవి కావు. చేతిలో పెరిగినవి డబ్బాల్లో తింటుంటే చూసి నేర్చుకున్నాయి. పెట్టెల్లో కాపురం కూడా అంతే. చదువుకోని పెద్దలకు బడికి పోయే మనవళ్ళు బ్యాంకు ఫారం నింపి చూపించినట్టు జరిగిందన్నమాట.

మార్చి 5

ఏడో తరగతి పిల్లాడు టిఫిన్ బాక్సు తెరిచి చూపించాడు. అన్నం లేదు, చిలుక పిల్ల. చింతచెట్టు కింద దొరికిందంట. కళ్ళు తెరిచింది. ఒంటి నిండా బూడిదరంగు గొట్టాల్లాంటి ఈకలు, వాటి కొసల్లో మాత్రం ఆకుపచ్చ చీలి బయటికి వస్తోంది. తల ఒళ్ళుకు మించి పెద్దది, ముక్కు దానికి మించి పెద్దది. మెడ కింద సంచి ఉబ్బి ఉంది, చర్మంలోంచి లోపల గింజలు కనిపిస్తున్నాయి. అంటే తల్లి మేపి ఎంతో సేపు కాలేదు. వేలు దగ్గరికి పెడితే గుర్రుమంటూ వెనక్కి ఒరిగి నోరు తెరిచింది. అది తిండి అడగడం కాదు, బెదిరింపు.

తరగతి రెండుగా చీలింది. పెంచుకుందాం అనేవాళ్ళు, పెంచి వదిలేద్దాం అనేవాళ్ళు. బాక్సు తెచ్చిన పిల్లాడు మాత్రం, "మా అవ్వ చెప్పింది మేడం, మనిషి చెయ్యి తగిలితే తల్లి రానియ్యదంట" అన్నాడు. ఆ మాట నేనూ చిన్నప్పుడు విన్నదే. అది నిజమైతే మారిషస్‌లో ఒక్క చిలుకా మిగిలేది కాదు. అక్కడ పిల్లలను దింపి, తూకం వేసి, కాళ్ళకు రంగు కడియాలు తొడిగి, మళ్ళీ తొర్రలో పెట్టేవారు. కొన్నిటిని పరాయి తొర్రల్లో పెట్టారు. తల్లులు మేపాయి. పిట్టలు పిల్లను వాసన చూసి వెలి వేయవు.

కొబ్బరికాయలు దింపే అన్న మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చాడు. తువ్వాలు నడుముకు చుట్టి అందులో పిల్లను పెట్టుకుని ఎక్కాడు. తొర్రలో చెయ్యి పెట్టబోయి ఆగి, "ఇంకా రెండుండాయి లోపల" అని పైనుంచే అరిచాడు. దీన్నీ పక్కన పెట్టి దిగాడు. చేతి మీద ముక్కు గాటు, నెత్తురు. డబ్బులు వద్దన్నాడు, కాఫీ తాగాడు.

పిల్లలందరినీ చెట్టు కిందినుంచి తరిమి, వరండాలోనే నిలబెట్టాం. ఆడ చిలుక చాలాసేపు పై కొమ్మ మీద అరుస్తూ తిరిగింది. ఆఖరి పీరియడు గంట కొట్టేలోపు తొర్రలోకి దూరింది.

మార్చి 6

ఎనిమిదో తరగతి పాఠం అయిపోయింది. పుస్తకం తెరవలేదు.

మార్చి 18

కదిరి తేరు రోజులు. మిరియాలు, దవనం వాసన మధ్య నడవలేక నడిచాం. గుడి వీధి చివర చిలుక జోస్యం. పంజరం తలుపు తెరిచినా చిలుక ఎగరదు, నాలుగడుగులు నడిచి చీటీ లాగి, గింజ తిని, తనంతట తానే లోపలికి పోతుంది. రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి. జోస్యం చెప్పే ముసలాయనతో కాసేపు మాట్లాడాను. వాళ్ళ నాయన, తాత ఇదే పని. ఈ చిలుక ఎక్కడిదంటే మాట మార్చాడు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, చిలుకలు పెంచే పెద్ద మేడలు బోలెడు.

కాస్త దూరంలో ఇంకొకతను తట్టలో పిల్లలను అమ్ముతున్నాడు. గుడ్డ కప్పి ఉంచాడు, ఎవరైనా అడిగితే కొంచెం ఎత్తి చూపుతున్నాడు. ఒకాయన పెళ్ళాం, పిల్లల ఎదుట పుణ్యం కోసమని పెద్దదాన్నొకటి కొని అరచేతిలోంచి పైకి విసిరాడు. చప్పట్లు కొట్టారు. అది ఎగరలేక అంగడి షట్టరుకు కొట్టుకుని, డ్రైనేజీ పక్కన పడింది. కొన్న కుటుంబం అప్పటికే సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మినవాడి మనిషే తెచ్చి మళ్ళీ తట్టలో వేశాడు. ఒకే పిట్ట, రెండు బేరాలు.

ఈ పుణ్యం వల్ల లాభపడేది తొర్రల్లోంచి పిల్లలను దింపేవాడొక్కడే. నువ్వు ఒకటి కొని వదిలితే, వాడికి ఇంకొక తొర్ర దోచడానికి పెట్టుబడి దొరుకుతుంది. దోచేటప్పుడు తొర్ర వాకిలి గొడ్డలితో పగలగొడతారు కాబట్టి మరుసటేడు ఆ ఇల్లు ఏ చిలుకకూ పనికి రాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022 సవరణతో రామచిలుకను రెండో షెడ్యూల్లోకి ఎక్కించారు. అంగళ్ళలో అమ్మే రంగురంగుల లవ్ బర్డ్స్ విదేశీవి, వాటి సంగతి వేరు. ఆ తేడా తెలియక చాలామంది రామచిలుక కూడా కొనొచ్చు అనుకుంటారు. తెలిసీ కొనేవాళ్ళే ఎక్కువేమోనని నా అనుమానం.

మార్చి 30

ఉగాది. మారిషస్‌లో కూడా ఈరోజు ప్రభుత్వ సెలవు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి పోయినవాళ్ళ మునిమనవళ్ళు అక్కడ పచ్చడి చేసుకుంటారు, రామభజనలు చేస్తారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దీవిలోనే.

గోరువంక పోయింది, చిలుక పోయింది, మనిషీ పోయాడు, అన్నీ ఇక్కడినుంచే అని రాయబోయి ఆగాను. పిట్టలకు చెప్పే లెక్క మనుషులకు చెప్పకూడదు. కొరడా కింద చెరకు నాటినవాడు అడవి కొట్టమని ఎవరినీ అడగలేదు.

ఏప్రిల్ 8

అన్నీ బాగా జరిగాయి అనుకుంటున్నప్పుడు దెబ్బ తగిలింది. 2004, 2005లో ముక్కు, ఈకల రోగం అని ఒక వైరస్ ఎకో చిలుకల్లో పాకింది. ఈకలు రాలిపోతాయి, కొత్తవి వంకరగా వస్తాయి, పిల్లలు ఎక్కువగా చస్తాయి. అదే వైరస్ అక్కడి మన రామచిలుకల్లోనూ ఉంది. ఒక తొర్ర నుంచి ఇంకో తొర్రకు పిల్లలను మార్చే పనే రోగాన్ని మోయొచ్చు. అందుకని పిల్లలను దింపడం, మేపి వదలడం ఆపేశారు. పెట్టెలు, మేత డబ్బాలు మాత్రం ఉంచారు. ముట్టుకోవడం ఎంత తగ్గితే అంత మంచిదని తేల్చుకున్నారు.

పెంచి వదిలే కార్యక్రమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఆగడం. చేతికి పేరు తెచ్చిన పనిని మానుకోవడం మన దగ్గర ఏ శాఖకూ రాదు. ఆపినాక కూడా లెక్క పెరుగుతూ పోయింది. 2007లో అంతర్జాతీయ ఎర్రజాబితాలో అతి ప్రమాదకర స్థితి నుంచి ఒక మెట్టు కిందికి, 2019లో ఇంకో మెట్టు కిందికి దించారు. 2015 నుంచి దీవికి ఇంకో పక్కనున్న ఫెర్నీ లోయలో కూడా కొన్నిటిని తీసుకెళ్ళి వదిలారు, ఒక తుపానుకే అన్నీ పోకుండా. కార్ల్ జోన్స్‌కు 2016లో ఇండియానాపొలిస్ బహుమతి వచ్చింది.

పిల్లలు 'రియో' సినిమాలోని నీలం చిలుక గురించి అడిగారు. స్పిక్స్ మకా. బ్రెజిల్ అడవిలో మిగిలిన చివరిది 2000లో మాయమైంది. పంజరాల్లో మిగిలినవాటి సంతానాన్ని 2022 జూన్‌లో మళ్ళీ అక్కడే వదిలారు. సినిమాలో పాటలు పాడింది కదా, అందుకే బతికింది అని ఒకమ్మాయి తేల్చేసింది.

ఏప్రిల్ 19

బడికి సెలవులు దగ్గర పడ్డాయి. మన దగ్గర ఇలాంటి పని ఎక్కడైనా జరిగిందా అని ఒక తోటి టీచరు అడిగారు. చిలుకలతో కాదు. మూషిక జింకలతో జరిగింది. కుందేలుకంటే కాస్త పెద్దది, కొమ్ములుండవు, రాత్రిళ్ళు తిరుగుతుంది. హైదరాబాదు అత్తాపూర్‌లోని లాకోన్స్, అంటే సీసీఎంబీ వాళ్ళ ప్రయోగశాల, నెహ్రూ జూ పార్కు కలిసి 2010లో పెంపకం మొదలుపెట్టాయి. 2017లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. లారీలోంచి దించి తరిమెయ్యలేదు. అడవిలోనే కంచె వేసిన చోట కొన్నాళ్ళు ఉంచి, అక్కడి ఆకు, అక్కడి చప్పుడు అలవాటయినాక వదిలారు.

మన రాయలసీమలో పెంచి వదలాల్సిన పక్షి ఒకటుందంటే అది బట్టమేక. రోళ్ళపాడులో దానికోసం 1988లోనే అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ ఒకటి కనిపిస్తే పేపర్లో వార్త. రాజస్థాన్‌లో ఎడారిలో గుడ్లు సేకరించి, పొదిగించి పెంచుతున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. పుట్టించడం చేతనయింది, సరే. తెచ్చి వదలడానికి మన దగ్గర గడ్డి బీడు ఏది? కరెంటు తీగలు లేని ఆకాశం ఏది? మారిషస్‌వాళ్ళు ముందు ఎలుకలను కట్టడి చేసి తర్వాత పిల్లలను వదిలారు. మనం ఆ వరస తప్పితే పక్షులూ పోతాయి, డబ్బూ పోతుంది.

రామచిలుకకు ఈ హంగామా ఏదీ అక్కర్లేదు, అది లెక్కకు బాగానే ఉంది. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుక మాత్రం అంత బాగాలేదు. పలుకులు బాగా నేర్చుకుంటుందని దాన్ని పట్టి అమ్మి, ఎర్రజాబితా గుమ్మం దాకా తెచ్చారు.

ఏప్రిల్ 23

బడికి ఈ ఏటికి ఆఖరి రోజు. చింతచెట్టు తొర్ర ఖాళీ. ఎగిరిపోయినవి ఎన్నో చూసినవాళ్ళు లేరు. తొర్ర కింద రెట్టలు, పొద్దుతిరుగుడు పొట్టు. చిన్నాయన చేనుదే అయి ఉంటుంది.

మే 11

గాలివాన. రెండు కొమ్మలు విరిగాయి. చెట్టు బడి మీదికి ఒరుగుతుందని, కొట్టేయాలని ఊళ్ళో మాట. నిజంగా ఒరుగుతుంటే కొట్టాల్సిందే, కింద పిల్లలు ఆడుకుంటారు. ఒరగలేదని నా లెక్క. విరిగిన కొమ్మల వరకు నరికి మానును ఉంచమని అర్జీ రాసి ఇచ్చాను. చెట్టు పోతే దానికి బదులు వంద మొక్కలు నాటుతామని ఒకాయన అన్నారు. వంద మొక్కల్లో ఒక్కదానికి తొర్ర పడేసరికి ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు తాతలవుతారు.

జూన్ 1

ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే రెండు మాటలు. చిలుక పిల్ల కింద దొరికితే ఇంటికి తేవొద్దు, దొరికిన చెట్టుకే ఎక్కించండి. తొర్ర అందకపోతే చిల్లులున్న బుట్టలో పెట్టి అదే కొమ్మకు కట్టండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖవాళ్ళకు చెప్పండి. పుణ్యానికి గానీ ముచ్చటకు గానీ కొనొద్దు. పాత చెట్టు కొట్టక తప్పకపోతే జనవరి నుంచి మే దాకా ఆగండి. ఆగలేకపోతే ముందు మనిషిని ఎక్కించి తొర్ర చూపించండి. కొబ్బరికాయలు దింపే మనిషి ప్రతి ఊళ్ళో ఉంటాడు.